డిప్ మీటర్ ముందు ఒక గంట

మా సార్ పోయారని మంగళవారం పొద్దున పాల్వంచ నుంచి ఫోన్ వచ్చింది. విద్యుత్ కేంద్రంలో మీటర్లు బాగుచేసే సెక్షన్‌లో ఆయన కింద పదేళ్లు పనిచేశాను. లైసెన్సు తీసుకుని ఇంటి నుంచే రేడియోలో దూరపు ఊళ్లవాళ్లతో మాట్లాడే పిచ్చి నాకు అంటించింది కూడా ఆయనే.

మాట దూరం పోవడానికి సార్ సొంతంగా ఒక యాంప్లిఫయర్ కట్టుకున్నారు. షాక్ భయానికి, దాని దగ్గర ఎడమ చెయ్యి ఎప్పుడూ జేబులోనే. స్విచ్చి వేయకముందే డిప్ మీటర్‌ను కాయిల్ పక్కన పెట్టి డయల్ తిప్పేవారు. ముల్లు ఎక్కడ పడిపోతే సర్క్యూట్ అక్కడ కుదిరినట్టు. "సల్లగున్నప్పుడే సరిజేసుకోవాలె. ఏడెక్కినంక అది మన మాట ఇనదు" అనేవారు. ఒకసారి నా తొందరకు దానిలోని గాజు వాల్వు ఎర్రబడి కాలిపోయింది. కొత్తది నా చేతికే ఇచ్చి పెట్టమన్నారు.

గోదావరి పెద్ద వరదకు ఫోన్ లైన్లు తెగిపోయాయి. రేడియో సెట్టు, యాంప్లిఫయర్ లారీలో వేసుకుని భద్రాచలంలో ఎత్తున ఉన్న ఒక బడికి వెళ్లాం. ఎగువ ఊరి కోయ తల్లి ఒకామె చంటిబిడ్డతో మా దగ్గరికి వచ్చింది. భర్త, అత్త ఇంటి కప్పు మీద చిక్కుకున్నారు.

"అయ్యా, పడవ పంపమని జెప్పుండ్రి."

ఆ వానలో చిన్న సెట్టు ఒక్కదానితో మాట అందడం లేదు. యాంప్లిఫయర్ చూస్తే, లారీ కుదుపులకు కాయిల్ చుట్లు దగ్గరకు జరిగాయి.

"ఇట్లనే ఆన్ చేద్దాం సార్, ఆమె ఏడుస్తున్నది" అన్నాను.

"వాల్వు కాలుతది. ఇంకోటి లేదు. ఇగ ఎవ్వలికీ జెప్పలేం."

సన్న పుల్లతో చుట్లను ఎడం చేస్తూ, మీటర్ పెట్టి చూస్తూ, మళ్లీ జరుపుతూ గంట గడిపారు. ముల్లు పడింది, స్విచ్చి వేశారు. హెడ్‌ఫోన్ నా చెవులకుంది. పడవలు పంపే అధికారుల పక్కన సెట్టుతో కూర్చున్న మా రేడియో మిత్రుడు స్పష్టంగా దొరికాడు.

"ఉన్న ఒక్క పడవ అరగంట కిందనే వేరే ఊరికి పోయింది. రేపటిదాక ఇంకోటి లేదు" అన్నాడు.

నేను సార్‌తో, "పడవ లేదంటున్నరు" అని మాత్రం చెప్పాను.

మర్నాడు వెళ్లిన పడవ అత్తను ఒక్కదాన్నే తెచ్చింది. రాత్రికి రాత్రే కప్పు సగం కొట్టుకుపోయిందట. ఆ కోయ తల్లి భర్త ఆ సగం మీదే ఉన్నాడు.

తర్వాత ఏళ్ల తరబడి సార్ ఉన్నట్టుండి అడిగేవారు, "ఆ గంట నేను లేటు జేసిన్నా?" అని. లేదనేవాణ్ణి. వాల్వు కాలితే అసలు మాటే అందేది కాదని నాకు తెలుసు. అయినా ఆ అరగంట సంగతి నోటిదాకా వచ్చి ఆగిపోయేది.

పోయిన నెల కొత్తగూడెం దవాఖానాలో ఆయన్ను చూడటానికి పోతే మళ్లీ అడిగారు.

"లేదు సార్. పడవే లేకుండె."

కాసేపు నా ముఖంలోకే చూశారు. "బస్సుకు టైమైతుంది, పో" అన్నారు. గుమ్మం దగ్గర వెనక్కి తిరిగి చూస్తే, దుప్పటి భుజం మీదికి లాక్కుని గోడవైపు తిరిగి పడుకుని ఉన్నారు.