పోశవ్వకు వచ్చిన చీటీ

ఖానాపూర్‌లో మా వాడ ఆడవాళ్లు ఏ బాధనైనా బీడీలు చుడుతూనే చెప్పుకుంటారు. మధ్యాహ్నం అన్నాలయ్యాక ఆకూ తంబాకూ పెట్టుకున్న ఎవరి చాట వాళ్లు తెచ్చుకుని ఐదుగురు బాలలక్ష్మి వరండాలో కూర్చునేవారు. పెనిమిటి పర్శరాములు మస్కట్‌లో గుండె ఆగి పోయిన మూడో నెలలో పోశవ్వ మళ్లీ అక్కడికి రావడం మొదలుపెట్టింది. కాసేపు ఏడ్చేది, కళ్లు తుడుచుకుని మళ్లీ చుట్టేది.

అప్పుడే నా స్నేహితురాలు కోమల సర్వే పని తెచ్చింది. సైకాలజీలో డిగ్రీ చేసి, ఉద్యోగం కోసం తిరిగి తిరిగి, చివరికి హైదరాబాద్ నుంచి వచ్చిన ఒక పరిశోధన సారు దగ్గర కుదిరింది. దిగులుతో ఉన్న బీడీ కార్మికులకు కౌన్సెలింగ్ పనిచేస్తుందో లేదో తేల్చాలి. చీటీలు తీసి సగం మందికి వెంటనే, మిగతా సగానికి నాలుగు నెలలు ఆగాక ఇస్తారు. వరండాలో నలుగురికీ వెంటనే ఇచ్చే చీటీ వచ్చింది. పోశవ్వ ఒక్కదానికే ఆగే చీటీ.

కౌన్సెలింగ్‌లో విన్న మాటలు ఆగేవాళ్ల చెవిన పడితే పరిశోధన చెడుతుందని సారు షరతు పెట్టాడు. ఆ నాలుగు నెలలూ వాళ్లతో కలిసి కూర్చోవద్దు, ఎందుకో ఆగేవాళ్లకు చెప్పొద్దు. కోమల ఇల్లిల్లూ తిరిగి నలుగురినీ ఒప్పించింది. పోశవ్వ చాటతో వస్తే పనుందని లేచి వెళ్లిపోయారు. రెండోసారీ అంతే. మూడోసారి ఆమె రాలేదు.

నెలనెలా ప్రశ్నల కాగితంలో పోశవ్వ దిగులు మార్కులు పెరిగాయి. కోమల ఫోన్ చేస్తే, రెండు గుంపులకీ తేడా బాగా కనిపిస్తోందని సారు సంబరపడ్డాడట. ఆ మాటకే ఆ కాగితాలు పొయ్యిలో పెట్టాల్సింది. పెట్టలేదని నాకు ఇప్పటికీ కోమల మీద కోపం.

గడువు నిండాక, నీ వంతొచ్చిందని చెప్పడానికి కోమల వెళ్లింది. పోశవ్వ గుమ్మంలో ఒక్కతే కూర్చుని చుడుతోంది. తల ఎత్తకుండానే అడిగింది.

"బిడ్డా, ముండమోసినదాన్నని గాళ్లు నన్ను దూరం పెట్టిండ్రా?"

కోమల ఆమె పక్కనే కూర్చుంది. చీటీలు, షరతు అన్నీ చెప్పేసి, వాళ్ల తప్పేం లేదు, నేనే వద్దన్నానని ఏడ్చింది. పోశవ్వ కోప్పడలేదు. తిట్టి ఉంటే కోమలకు కొంత నయంగా ఉండేది.

సాయంత్రం నలుగురూ వచ్చి చేతులు పట్టుకుని పిలిచారు. పోశవ్వ లేవలేదు.

"మీ మీద కోపం లేదు. గిన్ని దినాలు గట్లనే అనుకుంటి కదా. ఇగ నలుగుట్ల కూసోవాలంటే నాకు మనసొస్తలేదు," అంది.