ఖాళీ గురిగికి నీళ్లు

మా పెద్దనాయన పోయారని మంగళవారం పొద్దున కబురు వచ్చింది. అప్పుడు నేను దుకాణంలోనే ఉన్నాను. "సరే" అన్నాను. చేతిలో ఉన్న సంచి మూతి కట్టి పక్కన పెట్టాను. ఏడుపు రాలేదు. ఇప్పటికీ రాలేదు, మీ దగ్గర దాచడమెందుకు.

చంద్రపూర్ అంటే బయటివాళ్లకు బొగ్గు గుర్తొస్తుంది. ఆయనకు మట్టి గుర్తొచ్చేది. పడమట వరోరా వైపు పత్తి, జొన్న పండే నల్లరేగడి. తూర్పున వైనగంగ దాటితే వరి మళ్లు. మా విత్తనాల దుకాణంలో గోడ పొడవునా చిన్న మట్టి గురుగులు, ఒక్కోదాంట్లో ఒక్కో ఊరి మట్టి. రైతు వస్తే వాళ్ల ఊరి మట్టిలో పది గింజలు మొలకెత్తించి చూపించాకే అమ్మేవారు. తొందరపడేవాళ్లకు చాయ్ ఇప్పించి, "నేను చెప్పుడేంది? నీ మట్టినే చెప్పనీ" అనేవారు.

జిల్లాను రెండు చేసిన ఏడు, ఏటి అవతలి ఊళ్లు గడ్చిరోలికి పోయాయి. అక్కడి రైతులు రావడం తగ్గింది. చోటు కలిసొస్తుందని ఆ ఊళ్ల మట్టినంతా నేను వీధి మోరీ కాలవలో పారబోశాను. పెద్ద ఘనకార్యం చేశాననుకున్నాను కూడా. ఆయన చూసి తిట్టలేదు.

"జిల్లా మారింది, సరే. చేను గూడ మారిందా బిడ్డా?" అన్నారు, అంతే.

తర్వాత వీలైనప్పుడల్లా బస్సెక్కి, ఊరూరి మట్టి రుమాల్లో మూటగట్టి తెచ్చారు. ఒక్క ఊరు మిగిలిందనగా మోకాళ్లు మొరాయించాయి. పొద్దున్నే అన్ని గురుగులతో పాటు ఆ ఊరి ఖాళీ గురిగికీ నీళ్లు చిలకరించేవారు. "ఉత్తదానికెందుకు?" అంటే, "ఎండితే పగుల్తది" అనేవారు.

పదోనాడు దాటాక దుకాణం తెరిస్తే, సరిగ్గా ఆ ఖాళీ గురిగి ఊరి రైతే వచ్చాడు. పెద్దనాయన లేరని చెప్పాను. తలపాగా తీసి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

"మా మట్టిల మొలక సూపియ్యవా మరి, సేఠ్?"

"మీ మట్టి నేనే పారబోసిన. తప్పయింది" అన్నాను. ఆ రెండో మాట పెద్దనాయనతో ఒక్కసారీ అనలేకపోయాను.

"గంతేనా? వచ్చే వారం తెస్త. అందాక మాకియ్యాల్సిన విత్తనాల వడ్లు ఎవ్వలకియ్యకు" అని లేచాడు.

వారం ఇంకా కాలేదు. ఈ పొద్దున గురుగులకు వరసగా నీళ్లు చిలకరిస్తూ పోయాను. ఖాళీదాని దగ్గరా చెయ్యి ఆగలేదు. "ఎండితే పగుల్తది" అని పైకే అన్నాను. ఎందుకని అడగడానికి దుకాణంలో ఎవరూ లేరు.