డేరాకు గొళ్ళెం ఎక్కడిది

ఇది జరిగింది. నాకే జరిగింది. కావాలంటే ఇప్పుడే తిన్న అన్నం మీద ఒట్టు వేస్తాను, నా రెండు కళ్ళ మీదా వేస్తాను. పుస్తెల మీద వెయ్యమని మాత్రం అడక్కండి. అదొక్కటీ వెయ్యను… ఎందుకో విన్నాక మీకే తెలుస్తుంది.

అసలు ఆ దేశం వెళ్ళడమే ఒక పిచ్చి పని. మా ఆయన బిలాస్‌పూర్‌లో రైలు డ్రైవరుగా చేసి రిటైరయ్యారు. జీవితమంతా బొగ్గు గూడ్సులు తోలారు. ఇక తీరిక దొరికింది కదా, కాశీకో రామేశ్వరానికో వెళ్దామంటే వినరు. ఫోన్లో ఏదో వీడియో చూశారు. పశ్చిమ ఆఫ్రికాలో మారిటానియా అని ఓ దేశం ఉందట. దేశమంతా ఎడారట. ఆ ఎడారిలో ఇనుపరాయి మోసే గూడ్సు ఒకటి నడుస్తుందట, ఇంజన్ ముందర నిలబడితే చివరి పెట్టె కనిపించదట. అది చూడాలట. అన్ని గూడ్సులు తోలిన మనిషి, మళ్ళీ గూడ్సు బండి చూడ్డానికి విమానం ఎక్కాలట.

పోనీ వెళ్ళేది చలికాలంలో వెళ్ళొచ్చు కదా. అందరూ అప్పుడే వెళ్తారు. టికెట్లు చవగ్గా వస్తున్నాయని మా ఆయన జూన్‌లో బయల్దేరదీశారు. నౌతపా రోజుల్లో, అదే మే చివర మాడిపోయే ఆ తొమ్మిది రోజుల్లో, సదర్ బజార్ వెళ్ళి ఉల్లిపాయలు తెమ్మంటే ఎండ అంటారు. ఆ మనిషి నన్ను జూన్‌లో ఎడారికి తీసుకెళ్ళారు. నేను మాత్రం ఉల్లిపాయలు మర్చిపోలేదు. వడగాలి తగలకుండా ఆయన చొక్కా జేబులో రోజుకొకటి పెట్టేదాన్ని, ఇక్కడ పెట్టినట్టే.

అక్కడ మమ్మల్ని తిప్పిన డ్రైవరు పేరు సీదీ. పాపం మంచివాడు. వాడికొచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కలతో మొదటి రోజే చెప్పాడు, ఈ కాలంలో ఎవరూ రారని. ఉండే చోట్లన్నీ తాళాలు. వంటవాళ్ళు సొంతూళ్ళకి పోయారు. ఎడారి నుంచి వీచే గాలి ఎలా ఉందంటే, పొయ్యి ముందు కూర్చున్నట్టే ఉంది, లేచి పోదామంటే పోవడానికి చోటు లేదు. మంచినీళ్ళ సీసాలో నీళ్ళతో టీ పెట్టుకోవచ్చు.

"ఎలాగుందే?" అనడిగారు మా ఆయన, తలకు తువ్వాలు చుట్టుకుని.

"ఏటి ఎలాగుంది? మన రైల్వే గ్రౌండే. కాకపోతే గ్రౌండు అవతల కొట్టు ఉంటాది, ఇక్కడ అదీ లేదు" అన్నాను.

ఆ రోజు సాయంత్రం షూమ్ అనే చిన్న ఊరు దాటి, రైలు పట్టాకు కొంచెం దూరంలో డేరా వేశాడు సీదీ. గాలి కోసం నాలుగు పక్కలా గుడ్డ పైకెత్తి కట్టేశాడు. అంటే… పైన కప్పు ఒక్కటే. గోడ లేదు. గుమ్మం లేదు. ఇది గుర్తుపెట్టుకోండి. చిన్న గ్లాసుల్లో పుదీనా టీ మూడుసార్లు పోసి ఇచ్చి, వాడు కారు పక్కన చాప వేసుకుని పడుకున్నాడు. రైలు ఎప్పుడొస్తుందో వాడికీ తెలీదట. మా ఆయన గంటలకొద్దీ పట్టా వైపు చూసి చూసి, చివరికి నిద్రపోయారు. నేనూ పడుకున్నాను… తిట్టుకుంటూ.

ఇక్కడ మీకొక సంగతి చెప్పాలి. ఫోన్లు లేని కాలంలో రైలు డ్రైవర్లను డ్యూటీకి పిలవడానికి క్వార్టర్‌కి మనిషి వచ్చేవాడు. కాల్ బాయ్ అనేవాళ్ళం, పేరుకి బాయ్ గానీ మాకొచ్చే బుధ్‌రామ్ అప్పటికే నడివయసువాడు. ఏ అర్ధరాత్రో వచ్చి తలుపు గొళ్ళెం టకటకలాడించి "డ్రైవర్ సాబ్" అనేవాడు. లోపల్నుంచి జవాబు వచ్చేదాకా కదిలేవాడు కాదు. మా ఆయనది కుంభకర్ణుడి నిద్ర కాబట్టి జవాబు చెప్పేది నేనే. "ఆఁ, వస్తన్నారు" అనేదాన్ని. ఆయన్ని లేపి, చొక్కా అందించి, నీళ్ళ సీసా చేతికిచ్చి, మళ్ళీ పడుకునేదాన్ని. సగంసార్లు పొద్దున్నకి నాకు గుర్తే ఉండేది కాదు.

మా అత్తగారిది విజయనగరం వైపు. ఆవిడకు ఇది అస్సలు నచ్చేది కాదు. రాత్రి ఎవరైనా పిలిస్తే మూడోసారికి గానీ పలక్కూడదని ఆవిడ పట్టు. మనుషులైతే మూడుసార్లు పిలుస్తారట. మనిషి కానిదైతే ఒక్కసారేనట. "ఒక్క పిలుపుకే పలికేస్తావేటే నువ్వు" అని సణిగేవారు. మూడో పిలుపు దాకా ఆగితే వీధి వీధంతా లేచి కూర్చుంటుందని నేను విసుక్కునేదాన్ని.

సరే. ఆ రాత్రి…

టక్. టక్. టక్.

ఇనుము మీద ఇనుము. గొళ్ళెం చప్పుడు. మా పాత క్వార్టర్ గొళ్ళెం కొంచెం వదులు, కొట్టాక చివర్న సన్నగా ఓ గలగల వచ్చేది… ఆ గలగలతో సహా.

"డ్రైవర్ సాబ్."

ఒక్కసారే.

"ఆఁ… వస్తన్నారు" అన్నాను.

కళ్ళు కూడా తెరవలేదు. పక్కకు చెయ్యి చాపి ఆయన్ని కుదిపాను. చొక్కా అందించాను. తలగడ దగ్గరున్న నీళ్ళ సీసా చేతికిచ్చాను. ఆయన లేచారు. గుండీలు పెట్టుకున్నారు. చెప్పుల చప్పుడు ఇసకలో సర్… సర్… మంటూ దూరమైంది. నేను అటు తిరిగి పడుకున్నాను.

ఎంతసేపు పడుకున్నానో చెప్పలేను. గాలి ఆగింది. ఆ ఊపిరాడని ఉక్కకి మెలకువ వచ్చింది. పైన డేరా గుడ్డ. పక్కన ఖాళీ చాప. నాలుగు పక్కలా చుక్కలు… అప్పుడు తట్టింది.

డేరాకు గొళ్ళెం ఎక్కడిది?

అసలు తలుపెక్కడిది?

కాళ్ళు చల్లబడ్డాయి. ఆ వేడిలో. సీదీని లేపుదామంటే వాడి చాప ఎటుందో గుర్తు రాలేదు. దూరంగా నేల అంచున ఒక దీపం కనబడింది. చుక్క కాదు, కదులుతోంది. చప్పుడు చెవికి తగలకముందే కాళ్ళకి తెలిసింది. రైలు.

చెప్పుల్లేకుండా పరుగెత్తాను. ఇసక ఇంకా కాలుతూనే ఉంది. నా మోకాళ్ళ సంగతి మీకు తెలుసు, మెట్లెక్కడానికే ఏడుస్తాను. ఎలా పరుగెత్తానో దేవుడికే తెలియాలి. పట్టా దగ్గర తెల్ల చొక్కా కనిపించింది. మా ఆయనే. సీసా చంకలో పెట్టుకుని, బండి వైపు తిరిగి, తిన్నగా నిలబడి ఉన్నారు.

"ఏవండీ" అని పిలిచాను. తిరగలేదు.

కుడి చెయ్యి ముందుకు చాపారు. డ్యూటీలో చాపేవారే, అలా. "సిగ్నల్ గ్రీన్" అన్నారు. గట్టిగా. అక్కడ సిగ్నల్ లేదు. స్తంభం కూడా లేదు. డ్రైవరు అలా అన్నాక పక్కనున్న అసిస్టెంటు అదే మాట తిరిగి చెప్పాలి, అది వాళ్ళ పద్ధతి. మా ఆయన ఆగారు. వింటున్నట్టు ఆగారు… తర్వాత తల ఊపారు. ఎడమ పక్కకు చూసి ఊపారు.

ఎడమ పక్కన ఎవరూ లేరు.

అప్పుడు పట్టా వైపు ఒక అడుగు వేశారు. నేను వెనక నుంచి కాలర్ దొరకబుచ్చుకుని లాగాను. ఇద్దరం వెల్లకిలా పడ్డాం. జేబులో ఉల్లిపాయ దొర్లిపోయింది. మా కాళ్ళ ముందు నుంచి ఆ బండి పోయింది… పోయింది… పోతూనే ఉంది. దుమ్ముకి కళ్ళు తెరవలేకపోయాను. పిడికిలి మాత్రం వదల్లేదు.

చివరి పెట్టె పోయాక మా ఆయన దుమ్ము దులుపుకుంటూ అన్నారు.

"ఏటే, ఎందుకు లాగేసినావు? గాడీ వెళ్లిపోనాది కదేటి."

"ఏ గాడీ? మీకేటైంది? మనం ఎక్కడున్నామో తెలుసా?"

"నువ్వే కదా లేపినావు. నువ్వే కదా సీసా ఇచ్చినావు."

"ఎవరో పిలిచినారు కదా. గొళ్ళెం కొట్టినారు. మీకు వినబడలేదా?"

ఆయన నా ముఖంలోకి చూశారు. "నాకేటీ వినబడలేదు. నువ్వు 'వస్తన్నారు' అన్నావు. అది విన్నాను. లేచాను" అన్నారు.

ఎడమ పక్కన ఎవరున్నారని అడిగాను. గుర్తు లేదన్నారు. ఇప్పటికీ అదే మాట. గట్టిగా అడిగితే "ఎండదెబ్బ తగిలుంటాది, వదిలెయ్" అంటారు. ఎండదెబ్బ ఆయనకి తగిలితే గొళ్ళెం చప్పుడు నాకెందుకు వినబడాలి? ఈ మాట అడిగితే టీవీ పెట్టుకుంటారు. ఇక్కడే ఊరి చివర కోని యూనివర్సిటీలో చదువుతున్న మా మేనకోడలైతే, "అత్తా, సప్నా హోగా" అని తేల్చేసింది. కలే అయితే తెల్లారి సీదీ నన్నెందుకు అడిగాడు? రాత్రి ఇనుము మోగింది, మీ దగ్గర గంట ఏమైనా ఉందా అని… నేను వాడికి ఏమీ చెప్పకముందే అడిగాడు.

తిరిగొచ్చాక బుధవారీ బజార్‌కి వెళ్ళాను. బుధ్‌రామ్ బతికే ఉన్నాడు. కొడుకు కూరల కొట్లో ఓ పక్కన కూర్చుంటాడు. నేను విన్న గొంతు అతనిది కాదు. ఊరికే మాటల్లో పెట్టి అడిగాను.

"బుధ్‌రామ్, ఇంట్లోవాళ్ళు 'వస్తన్నారు' అని చెప్పి, డ్రైవర్ సాబ్ రాకపోతే ఏటి చేసేవాడివి?"

వంకాయల మీద నీళ్ళు చల్లుతూ నవ్వాడు. "హాఁ బోల్ దియా తో ఆనా పడేగా న, అమ్మా" అన్నాడు. వస్తానన్నాక రావాల్సిందే కదా అని. "నహీఁ ఆయే తో… ఫిర్ జాతే థే."

రాకపోతే, మళ్ళీ వెళ్ళి పిలిచేవాడట.

ఇంటికొచ్చి కాలింగ్ బెల్ తీగ పీకేశాను. ఆయన తిట్టారు. రాత్రిళ్ళు ఆయన చొక్కా కొస పిడికిట్లో పట్టుకుని పడుకుంటున్నాను, దానికీ తిడుతున్నారు. పాలవాడు మూడుసార్లు పిలిస్తే గానీ పలకడం లేదు, వాడూ తిడుతున్నాడు. తిట్టుకోనీ. డేరాకు తలుపే లేదు కదా, ఇక్కడ తీగ పీకితే ఏం లాభమని మీరు మాత్రం అడక్కండి. ఆ సంగతి నాకూ తెలుసు.