షాంఘైకి నాలుగు రోజులు, మధ్యలో ఏడు పొట్లాలు

పెద్ద సూట్‌కేసు కొనడం నా తప్పే. నాలుగు రోజుల ప్రయాణానికి భుజానికి తగిలించుకునే సంచి చాలు. కానీ ఇరవై రెండేళ్ళుగా ఖతార్ నుంచి కదిలిన ప్రతిసారీ మనిషికి ముప్ఫై కిలోలు సర్దిన చెయ్యి ఇది. వెళ్ళేది షాంఘైకని తెలిసి కూడా షాపులో పోయి పోయి అన్నిటికన్నా పెద్దదాని మీదే పడింది. దాన్ని అల్ మన్సూరాలో మేముండే బిల్డింగు లిఫ్టులో పట్టపగలు, అందరూ చూస్తుండగా, మూడో అంతస్తుకి ఎక్కించాను. మా బిల్డింగులో కొత్త సూట్‌కేసు లిఫ్టెక్కిందంటే వీళ్ళు ఊరెళ్తున్నారనే లెక్క. ఎక్కడికని ఎవరూ అడగరు. ఇక్కణ్ణుంచి మనవాళ్ళు వెళ్ళే చోటు ఇంకొకటి ఉందని ఎవరికీ తోచదు.

నేను చరిత్రలో ఎమ్మే చేశాను. ఇక్కడి ఇండియన్ స్కూల్లో సోషల్ చెప్తాను. పదిహేనేళ్ళుగా ప్రపంచ పటం మీద స్కేలు ఆనించి, "ఇదిగో షాంఘై, నదికి ఈ ఒడ్డున విదేశీ వర్తకులు కట్టుకున్న పాత రాతి భవనాలు, ఆ ఒడ్డున మేఘాల్లోకి దూసుకెళ్ళే కొత్త టవర్లు" అని చూసొచ్చినదానిలా చెప్తున్నాను. ఈ మధ్య ఒక పిల్ల లేచి, "మీరెప్పుడు వెళ్ళారు మేడం?" అంది. "ముందు నీ మ్యాపు సరిగ్గా గీయి" అని కూర్చోబెట్టాను గానీ, ఆ సాయంత్రమే మా ఆయనకు చెప్పేశాను. ఈ ఈద్ సెలవులకి షాంఘై. ఇంతవరకూ మా సెలవులన్నీ పెళ్ళిళ్ళకీ, గృహప్రవేశాలకీ, పళ్ళ డాక్టర్లకీ పోయాయి. నాలుగంటే నాలుగు రోజులు నాకు కావాలి అన్నాను.

మా ఆయనది మెసయీద్‌లో ఎరువుల ఫ్యాక్టరీలో కంట్రోల్ రూమ్ ఉద్యోగం. మీటరులో ముల్లు కాస్త వణికితే కంగారుపడటమే ఆయన డ్యూటీ. ఇంటికొచ్చాక కూడా అదే డ్యూటీ చేస్తారు.

"వీసాకి ఏ రోజు ఎక్కడుంటామో రాసివ్వాలట," అన్నారు, ఫారం ముందేసుకుని.

"మొదటి రోజు నది ఒడ్డు. రెండో రోజు పాత సందులు. మూడో రోజు మ్యూజియం."

"నాలుగో రోజు?"

"ఏమీ లేదు. కాళ్ళు ఎటు తీసుకెళ్తే అటు."

"అలా రాస్తే వీసా ఇస్తారా?"

"మీ ఫొటో చూసి ఇస్తారు. ఈయన తప్పిపోయినా ఎవరికీ నష్టం లేదనుకుంటారు."

"అన్నం దొరుకుతుందా అక్కడ?"

"వరి పండించే దేశమండీ. మీరు దిగేసరికి అయిపోదు."

ఇలా పోట్లాడుకుంటూనే ఆదివారం పొద్దున్నకి వీసా కేంద్రంలో సమయం తీసుకున్నాం. అది పోతే ఈద్‌లోపు మళ్ళీ దొరకదు. ఇద్దరం ఆ రోజుకి సెలవు కూడా పెట్టాం.

గురువారం నేను బడి నుంచి వచ్చేసరికి హాల్లో ఏడు పొట్లాలున్నాయి. టేపు చుట్టి, స్కెచ్ పెన్నుతో ఊళ్ళ పేర్లు రాసి, సోఫా పక్కన వరసగా కూర్చున్నాయి. పాలపొడి డబ్బాలు, ఖర్జూరాలు, తలనొప్పి బామ్ సీసాలు, ఒక ఇస్త్రీపెట్టె, కవరు చింపి తలబయటపెట్టిన పులిబొమ్మ దుప్పటి.

"ఏంటండీ ఇవి?"

"మనవాళ్ళే, ఊళ్ళో వాళ్ళిళ్ళకి అందించమని ఇచ్చారు. వద్దంటే ఏం బాగుంటుంది?" అని, నా మొహం చూడకుండా చెప్పారు. "ఒక పని చేద్దామా? వీసా ఎలాగూ ఇంకా పెట్టలేదు. ఈసారికి హైదరాబాద్ వెళ్ళొచ్చేద్దాం. షాంఘై తర్వాత చూద్దాంలే."

తర్వాత! ఆ మాట మా పెళ్ళైన దగ్గర్నుంచీ వింటున్నాను. తర్వాత చూద్దామన్నవాటిలో ఒక్కటి చూసినట్టు నాకు గుర్తులేదు.

మర్నాడు శుక్రవారం. అన్నిటికన్నా బరువైన పొట్లం చంకనెత్తుకుని కిందికి దిగాను. అది వెనక విల్లాలో హౌస్ డ్రైవరుగా పనిచేసే కడప అతనిది. గేటు ముందు కారు తుడుస్తున్నాడు.

"ఇదిగో తీసుకో నాయనా. మేం ఊరెళ్ళడం లేదు."

"అదేందక్కా! మల్ల యాడికి పోతాండారు?"

"షాంఘై. చైనాలో."

"ఆడ మీకెవరుండారు?"

"ఎవరూ లేరు."

"మనోళ్ళు మాఫీనా?" లేరా అనడానికి ఇక్కడి అరబ్బీ ముక్క వాడి, గుడ్డ పిండటం ఆపేశాడు. "ఎవురూ లేని తావుకి సెలవులో ఎట్ల పోతారక్కా?"

"విమానంలో పోతారు. ఇంత బరువు కట్టేముందు ఒక్కమాట నన్ను అడగొద్దూ? సూట్‌కేసు కనిపిస్తే చాలు, మోసుకొచ్చేయడమేనా?"

"నన్నంటావేందక్కా? సారే చెప్పినాడు. బకాలా కాడ నిలబడి, మా కాడ చోటుండాది, పంపించేదుంటే తెచ్చియ్యండి అన్నాడు. లేకుంటే నాకేం తెలుసు?"

బకాలా అంటే మా సందు మొదట్లో కిరాణా కొట్టు. అంటే మా ఆయన అక్కడ నిలబడి, పిలిచి మరీ పోగేసుకున్నారన్నమాట. పొట్లం అక్కడే పెట్టి, లిఫ్టు కోసం కూడా ఆగకుండా మెట్లెక్కాను.

"అడక్కుండానే తెమ్మన్నారట?" అన్నాను, రొప్పుతూనే.

ఆయన దాచలేదు. సోఫాలో కూర్చుని పులిబొమ్మ దుప్పటి అంచు సర్దారు. "నువ్వు నవ్వుతావు."

"నవ్వను. తిడతాను. చెప్పండి."

"ఇరవై రెండేళ్ళలో నేను ఏ విమానం దిగినా బయట ఎవరో ఒకరు నిలబడి చెయ్యూపారు. మొదటిసారి ఇక్కడ దిగినప్పుడు కూడా కంపెనీ మనిషి వచ్చాడు. షాంఘైలో ఆ తలుపు తెరుచుకుంటే మనవైపు చూసేవాడే ఉండడు. తలుచుకుంటే ఎలాగో ఉంది."

పిరికితనమని ఒక్క మాటతో కొట్టిపారేయొచ్చు. కానీ రోజూ చీకటుండగానే బస్సెక్కి, అంత పెద్ద ఫ్యాక్టరీలో మీటర్లకు కాపలా కాసే మనిషి భయపడింది ఇంతమాత్రానికేనా అని జాలేసింది. జాలి పడినంత మాత్రాన షాంఘై వదులుకోను కదా.

"సరే, వినండి. నేను ముందు బయటికెళ్తాను. మీరు సూట్‌కేసు తీసుకుని పది నిమిషాలాగి రండి. కమ్మీల దగ్గర మీ పేరు రాసిన బోర్డు పట్టుకుని నిలబడతాను. చెయ్యి కూడా ఊపుతాను."

"బోర్డు తెలుగులోనా?"

"ఈద్‌లోపు చైనీసు నేర్చుకోమంటారా?"

అప్పుడు నవ్వారు. నవ్వినవాణ్ణి వదలకూడదని, శనివారం పొద్దున్నే మిగతా ఆరు పొట్లాలూ ఆయన చేతనే వెనక్కి ఇప్పించాను. నేను మోయలేదు, మధ్యలో మనసు మారుతుందేమోనని లిఫ్టు తలుపు పట్టుకుని వెంట తిరిగానంతే. అందరూ కోప్పడతారని ఆయన భయం. రెండో అంతస్తు నిజామాబాద్ మేస్త్రి తన ఇస్త్రీపెట్టె అందుకుంటూ, "షాంఘైకా! మస్తుంటదట సార్. అందరం ఊరికే పోతే ఎట్ల, పోయిరాండ్రి" అని భుజం తట్టి పంపాడు.

ఆదివారం వీసా కేంద్రంలో కౌంటరు అమ్మాయి మా ఫారాలు తిరగేసి, "అక్కడ మిమ్మల్ని కలుసుకునేవాళ్ళు ఎవరైనా ఉన్నారా?" అని ఇంగ్లీషులో అడిగింది.

నేను లేరనేలోపే మా ఆయన ముందుకు వంగి, "ఉన్నారు. మా ఆవిడ," అన్నారు.

ఆ పిల్లకి విషయం విడమరిచి, వీసాకొచ్చిన ముప్పు తప్పించేసరికి నా గొంతు ఆరిపోయింది. ఆయన మాత్రం, వెనక నిలబడి, వేలిముద్రల కోసం చేతులు శుభ్రంగా తుడుచుకుంటున్నారు.