అత్త వేళ్ళకు తెలిసిన పాటలు

అత్త పోయింది. పొద్దున్నే మదనపల్లెలో నా ఎరువుల అంగడి షట్టరు ఎత్తుతాంటే ఫోను వచ్చింది. "బావా, అమ్మ ఇంక లేదు" అనింది అత్తకూతురు. ముందురోజు మధ్యాన్నం ఆసుపత్రిలో చూసొచ్చిన మనిషే. షట్టరు సగంలో వదిలేసి మెట్టు మీద కూలబడినాను. చెప్పుకోడానికి సిగ్గుగా ఉండాది గానీ, నాకు మొదట వచ్చింది ఏడుపు కాదు. అయ్యో, ఇరవైమూడు పాటలు మిగిలిపోయినాయే అనుకున్నా.

అత్త అంటే మా నాయన అక్క. పుంగనూరు బస్టాండు పక్కన చిన్న డీటీపీ అంగడి పెట్టుకుని ఎన్నో ఏండ్లు నడిపింది. పెండ్లిపత్రికలు, గృహప్రవేశాలు, ఆఫీసులకు అర్జీలు, అన్నీ ఆమె టైపు చేసినవే. టైపు అయినాక వచ్చినోళ్ళ చేత గట్టిగా చదివించేది. "నీ పేరే కదప్పా, నువ్వే సదువు. తాత పేరు మర్సిపోయినామని రేప్పొద్దున నా మీద పడొద్దు" అనేది. విసుక్కున్నా వదిలేది కాదు. ఆ చదివించడంలో ఎన్ని పెండ్లిండ్ల తగాదాలు తప్పినాయో.

అంగడి మూసేసినాక కంప్యూటర్ ఇంటికొచ్చి హాల్లో కూర్చుంది. అదే రోజుల్లో మా అవ్వ, అంటే అత్త తల్లి, రామకుప్పం పక్క పల్లె నుంచి వచ్చి కూతురి దగ్గర ఉండిపోయింది. అవ్వకు చదువు రాదు. చిన్నప్పట్నుంచి ఇసుర్రాయి ముందర కూర్చుని రాగులు ఇసురుతా పాడుకున్న పాటలు మాత్రం నోటి నిండా ఉండేవి. వదిన బెల్లం దాచిపెట్టిన పాట, ఏనుగులు చేన్లో పడితే డబ్బాలు కొట్టిన పాట. మంచం మీద కూర్చుని అవ్వ పాడేది, అత్త టైపు చేసేది. యాభైనాలుగు అయినాయి. అన్నీ సరిచూసి ఒకేసారి ప్రింటు తీద్దామనుకునింది. ఈలోపల అవ్వా పోయింది, ప్రింటరూ చెడిపోయింది.

కంప్యూటర్ గూడా ముసలిదైపోయింది. ఆన్ చేసి, పోయి ఎసరు పెట్టి, బియ్యం పోసి వచ్చినా ఇంకా గుండ్రం తిరుగుతానే ఉండేది. "అత్తా, నేను బాగుచేస్తా, నాకొదిలేయ్" అన్నా. ఫోనులో నాలుగు వీడియోలు చూసిన మొనగాణ్ణి కదా! ఒక ఆదివారం పోయినా. అత్త మిద్దె మీద వడియాలు పెడతా ఉంది. పైనుంచే అరిచింది: "ఆగప్పా, నేను దిగొస్తా. ముందు అంతా పెన్‌డ్రైవులోకి ఎక్కించు. ఏది తీసేయాల్నో ఏది ఉంచాల్నో నేను సెప్తా."

"సరే అత్తా" అన్నా. నోటితో అన్నా, అంతే.

ఆన్ చేసిన వెంటనే తమంతట తామే లేచే ప్రోగ్రాములు ఆపినా. అది మంచిదే. పేరుకుపోయిన టెంపరరీ ఫైళ్ళు తుడిచినా. అదీ మంచిదే. అంతటితో లేచొచ్చింటే ఏ గొడవా లేకపోయె. పాత ఫాంట్లు కనపడినాయి, తలాతోకా లేని పేర్లతో. ఇవెందుకు ఈడ అనుకుని అన్నీ పట్టి తీసేసి, కంప్యూటర్లోని చెత్తబుట్ట గూడా ఖాళీ చేసినా. మళ్ళా ఆన్ చేస్తే గబుక్కున లేచింది. "అత్తా, దిగి రా, సూడు!" అని కేక పెట్టినా.

అత్త చేతులు తుడుచుకుంటా వచ్చి అవ్వ పాటల ఫైలు తెరిచింది. ఒక్క తెలుగు అక్షరం లేదు. ఇంగ్లీషు అక్షరాలు, బ్రాకెట్లు, పర్సెంటు గుర్తులు. ఆ కాలం ఫాంట్లు అట్లాంటివి. లోపల ఉండేది ఇంగ్లీషు మీటల గుర్తులే, ఫాంటు వాటికి తొడిగిన తెలుగు చొక్కా. ఆ చొక్కా నేను పీకి పారేసినా.

తిట్టింటే బాగుండు. తిట్టలేదు. "కసువు ఊడ్సేటప్పుడు గూడా వంగి సూసి ఊడ్సాల నాయినా. అందులో ముక్కుపుడక ఉండొచ్చు" అనింది. పోయి మిగిలిన వడియాలు పెట్టుకునింది.

ఆ ఫాంటు బజార్లో దొరికేది కాదు. కుప్పంలో ఒకాయన సొంతంగా చేసి సీడీలో ఇచ్చినాడు. ఆ సీడీ గీతలు పడి పనిచేయలేదు. నెట్టులో దొరికినవి పెట్టి చూస్తే అక్షరాలు అడ్డదిడ్డంగా వచ్చినాయి. చేతులు కాలినాక ఆకులు పట్టుకున్నట్టు, ఇద్దరం బస్సెక్కి కుప్పం పోయినాం. ఆయన అంగడి ఉన్న చోట సెల్లు కవర్లు అమ్ముతాండారు. "ఆయప్పా? తమిళనాడు పక్క పోయినాడంట. యాడుండాడో తెలీదమ్మా" అన్నారు. తిరిగొచ్చేటప్పుడు బస్సులో నేను తల ఎత్తలేదు. అత్త జామకాయ సగం విరిచి నా చేతిలో పెట్టి, "తినప్పా, పొద్దున్నుంచీ ఏమీ తినలే" అనింది.

తర్వాత ఆదివారం అత్త ఆ పిచ్చి అక్షరాల ముందర కూర్చుని మీటల మీద వేళ్ళు పెట్టింది. తెర మీది గుర్తు చూసి ఆ మీట నొక్కింది. ఇంకోటి నొక్కింది. అట్లే నొక్కుతా నొక్కుతా సన్నగా పాట ఎత్తుకునింది. అచ్చం అవ్వ పాడినట్టే!

"కంటికి తెలీదప్పా. ఏలికి తెలుసు. టైపు చేసేటప్పుడు మాయమ్మ పాడిందంతా ఏలికి అంటుకోనుండాది" అనింది. వేలు ఆగితే పాటా ఆగేది.

అప్పట్నుంచి ఆదివారాలు నేను పుంగనూరులోనే. ఆమె పాడేది, నేను నోట్‌బుక్కులో రాసేది. వారానికి ఒకటి, ఒక్కోవారం సగం. మధ్యమధ్య అనేది: "ఏ మీటకు ఏ అక్షరమో నేర్సుకోరా." వచ్చే వారం అత్తా అనేవాణ్ణి. "పోనీ ఫోనులో నా పాటైనా పట్టుకో." అన్నీ అయినాక ఒకేసారి పట్టుకుందాం అనేవాణ్ణి. నాలాంటి మొద్దు యాడైనా ఉండాడా? చెరిపేదానికి ఒక్క పూట ఆగలేదు. నిలబెట్టుకునేదానికి మాత్రం వాయిదాల మీద వాయిదాలు.

ముప్పైఒకటి అయినాయి. అంతలో అత్త మంచాన పడింది.

ఇప్పుడు తెలిసినోళ్ళు ఎవరైనా పాత కంప్యూటర్ తెచ్చి స్పీడు చేయమంటే, ముందు అంతా రెండు చోట్ల కాపీ చేయిస్తా. దుమ్ము దులిపి, కావాలంటే ర్యామ్ వేయిస్తా. తెలియని ఫైలు మీద చెయ్యి వేయను, యజమానిని పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కొక్కటీ అడుగుతా. "నీకింత నిదానం యాడ్నించి వచ్చెప్పా" అని నవ్వుతారు.

రాసిపెట్టుకున్న పాటల్ని ఆ గుర్తుల పక్కన పెట్టి సరిపోల్చుకుంటే, మిగిలిన ఇరవైమూడింట్లో మాటలు మెల్లగా దొరుకుతాయి. మొదలుపెడతా. అవ్వ యాడ సాగదీసింది, యాడ గబుక్కున తిప్పింది, అది ఏ కాపీలోనూ లేదు. మాట దొరుకుతాది, పాట దొరకదు. ఈ తప్పుకు క్షమాపణ అడిగేదానికి మనిషి గూడా లేకపోయె.

పోయేదానికి ముందురోజు మధ్యాన్నం ఆసుపత్రిలో అత్తకు మాట లేదు, కండ్లు మూసుకోనుంది. దుప్పటి మీద రెండు చేతుల వేళ్ళూ కదులుతాండాయి. "వణుకుతాండాయి బావా" అని అత్తకూతురు ఆ చేతులు అదిమి పట్టుకునింది. "వదులు పాపా, అది వణుకు కాదు" అన్నా. నా రెండు అరచేతులూ ఆ వేళ్ళ కింద పెట్టినా. వేలు వెంట వేలు, ఆగకుండా నొక్కుతాంది. ఏ వేలు ఏ అక్షరమో నాకు తెలీదు. వంగి చెవి దగ్గర "ఏం పాటత్తా?" అని అడిగినా. కొంచేపటికి బొటనవేలు ఒక్కటి నా అరచేతిలో నొక్కింది. ఆ ఒక్కటీ నాకు తెలుసు, అది మాటకూ మాటకూ నడుమ కొట్టే స్పేసు. అంటే ఇంకో మాట వస్తాది. చేతులు తీయకుండా అట్లే వంగి నిలబడుకున్నా.