నేను పిలవని పేరు

దయ్యాలంటే నాకు భయమూ లేదు, నమ్మకమూ లేదు. ఇంట్లో మా అత్తమ్మ దిష్టి తీస్తుంటే పక్కకు తిరిగి నవ్వుకునే రకాన్ని. ఇప్పుడు చెప్పేది కూడా దయ్యం సంగతి కాదు. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉన్న సంగతి.

మెట్టుగూడ దగ్గర ఒక కాన్వెంట్ బడిలో చదువుకున్నాను. ఇప్పుడు అక్కడే టీచర్ని. మొన్న వేసవిలో అక్కడి నలుగురు సిస్టర్లు సన్యాస ప్రమాణం చేసి యాభై ఏళ్లు నిండాయని స్వర్ణోత్సవం చేశారు.

పూజలో ఒక పద్ధతి ఉంది. ఒక్కొక్కరి పేరూ మైకులో పిలుస్తారు. ఆ సిస్టర్ లేచి "ఇదిగో ప్రభువా, నేనున్నాను" అనాలి. పిలిచే పని కాన్వెంట్ పెద్ద మదర్ నాకు అప్పగించారు.

నాలుగో ఆవిడ సిస్టర్ ఫిలోమినా. పక్షవాతంతో మేడమీద మంచంలోనే ఉంటారు. నెలల తరబడి నోట మాట లేదు.

"ఆమె పేరు సుత పిలువమ్మా. జవాబు రాకున్నా జెర సేపు ఆగుదాం" అని మదర్ ముందే చెప్పారు. వినబడాలని పై గదిలో స్పీకరు కూడా పెట్టించారు.

మూడు పేర్లు పిలిచాను. ముగ్గురూ పలికారు. నాలుగో కుర్చీలో పూలదండ ఒక్కటే ఉంది. శుభమా అని పండగ చేసుకుంటుంటే, పలకలేని మనిషిని పిలిచి అందరినీ ఏడిపించడం దేనికి అనిపించింది. పెద్ద ఆరిందానిలా పాట అందుకోమని పిల్లలకు సైగ చేశాను. మదర్ నా వైపు చూశారు. నేను చూడనట్టు తల దించుకున్నాను.

భోజనాల దగ్గరికి, పై గదిలో సిస్టర్‌ను చూసుకునే ఆయా యాదమ్మ ఉరుకులు పరుగుల మీద వచ్చింది.

"మేడం, మీరు పేరు పిలువంగనే సిస్టరమ్మ కండ్లు తెరిచింది. ఇదిగో ప్రభువా, నేనున్న అన్నది. సాఫ్‌గ అన్నది!"

"నేను పిలవలేదు యాదమ్మా."

"గదేంది మేడం? మీ గొంతు నాకు ఎరుక లేదా?"

మదర్ నా మొహం చూశారు. తిట్టినా బాగుండేది.

ఫోన్లో తీసిన వీడియో ఎన్నిసార్లు చూశానో. మూడో పేరు, వెంటనే పాట. మధ్యలో ఇంకేమీ లేదు. మైకు దగ్గర నేను తప్ప ఎవరూ లేరు.

సాయంత్రం పైకి వెళ్లాను. సిస్టర్‌కు మళ్లీ మాట లేదు. కదిలే చేత్తో నా చెయ్యి పట్టుకుని కళ్లకు అద్దుకున్నారు. చచ్చేంత సిగ్గేసింది. చిన్నప్పుడు మా క్లాస్ టీచర్ ఆవిడే. నేను టైఫాయిడ్‌తో బడికి రాని రోజుల్లో కూడా హాజరులో నా పేరు పిలిచి, నా బెంచీ వైపు చూస్తూ కాసేపు ఆగేవారట.

నా గొంతుతో ఆవిడను పిలిచింది ఎవరో నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు. నేను పిలవలేదని మాత్రం ఆవిడకు చెప్పలేకపోయాను.