ఆపే గీతలు ఐదు

నా మొదటి సదస్సుకు ఏమేం తీసుకెళ్లానో ఇప్పటికీ వరుసగా చెప్పగలను: ఇస్త్రీ చేసిన బట్టలు ఒక జత, స్నేహితుడి దగ్గర అడిగి తెచ్చుకున్న బూట్లు, గుండుసూదుల డబ్బా, గొట్టంలా చుట్టిన డ్రాయింగు షీటు. నాతో పాటు కల్వకుర్తి నుంచి పెయింటర్ చిచ్చా కూడా వచ్చాడు.

అవి తొంభైల చివరి సంవత్సరాలు. కణంలో ప్రోటీన్లు ఒకదానికొకటి కబురు ఎలా అందించుకుంటాయో, ఆ అల్లిక మీద నందికొండలో మూడు రోజుల సదస్సు. పరిశోధన విద్యార్థులు తమ పనిని బొమ్మగా గోడకు తగిలించి, పక్కన నిలబడి వివరించాలి. నా బొమ్మలో ప్రోటీన్లకు పద్నాలుగు వృత్తాలు, వాటి మధ్య పంతొమ్మిది గీతలు. ఒక ప్రోటీన్ మరొకదాన్ని పురికొల్పితే గీత చివర బాణం మొన ఉంటుంది. ఆపితే మొనకు బదులు చిన్న అడ్డగీత. అలాంటివి ఐదు. వాటిలో ఒకటి నేను మూడేళ్లు పనిచేసి కనుక్కున్నది. చెప్పడానికి నా దగ్గరున్న కొత్త సంగతి అదొక్కటే.

నా చేతిరాత బాగుండదు. అందుకని మా ఊరి దుకాణాల బోర్డులూ, శ్రీశైలం రోడ్డు మీద దారి చూపే పలకలూ రాసే చిచ్చాకు పెన్సిల్ నమూనా ఇచ్చాను. రాసిన షీటును బయలుదేరేముందు విప్పి చూద్దామంటే, మడత పడుతుందని విప్పనివ్వలేదు. బస్సులో దారి పొడుగునా ఒళ్లో పెట్టుకుని తానే తెచ్చాడు.

ప్రారంభానికి గంట ముందు హాల్లో విప్పాం. అక్షరాలు చక్కగా కుదిరాయి. అలవాటు కొద్దీ లెక్కపెట్టాను. వృత్తాలు పద్నాలుగు. గీతలు పంతొమ్మిది. బాణాలు కూడా పంతొమ్మిది.

"చిచ్చా, గీ ఐదింటికి అడ్డగీతలుండాలె గద!"

"తొందరల సగం గీసి ఇడిసిపెట్టినవ్ అనుకున్న. నేనే పూర్తి చేసిన."

"పూర్తి చేసుడా? ఖరాబ్ చేసినవ్. అవి ఆపేటివి. గిప్పుడు అన్నీ ఉరుకుమనేటివే, ఆగుమనేది ఒక్కటి లేదు."

"జర ముందుగాల చెప్పొద్దా బేటా? మొన లేకుంట బోర్డు రాస్తే లారీలోల్లు నన్ను తిడ్తరు."

ఆపుతుందని నేను రుజువు చేసినదాన్ని, పురికొల్పుతుందని నా బొమ్మే చెబుతోంది. షీటు చుట్టేసి వెళ్లిపోదామన్నాను. చిచ్చా రంగుల సంచీ విప్పాడు. ఐదు మొనల మీదా తెల్లరంగు పూసి, నోటితో ఊది ఆరబెట్టి, ఎర్రరంగుతో రైలు గేటులా మందంగా అడ్డం గీశాడు.

"గిప్పుడు ఎవడు ఆగడో సూస్త."

హాలంతా రంగులో కలిపే తార్పిన్ నూనె వాసన. ఇప్పుడు అలాంటి బొమ్మలు కంప్యూటర్లే గీస్తున్నాయి, ఏ వాసనా ఉండదు. ఆ రోజు మాత్రం అంత లావు గీతల పక్కన నిలబడటానికి సిగ్గేసింది.

టీ విరామంలో తల నెరిసిన శాస్త్రవేత్త ఒకాయన వచ్చి, సరిగ్గా నా గీత దగ్గరే ఆగాడు.

"ఇది ఆపుతుందని ఎలా తెలుసు?"

చేసిన మూడు ప్రయోగాలూ వరుసగా చెప్పాను. మూడోది మళ్లీ చెప్పమన్నాడు. చెప్పాను. చిన్న నోటుబుక్కు తీసి, ఏదో గీసుకుని వెళ్లిపోయాడు.

కిటికీ దగ్గరున్న చిచ్చా గబగబా వచ్చాడు.

"ఏమన్నడు? తప్పన్నడా?"

"లేదు చిచ్చా. రాసుకున్నడు."

"అడ్డగీత సక్కగ ఏసుకున్నడా? సూసినవా?"

చూశాను. పెన్సిల్‌తో, చిన్నగా, అడ్డంగానే గీసుకున్నాడు.